శుక్రవారం పేడ

మా ఇంటికి గ్యాసు గోడ దాటి వచ్చేది. అందుకే ఈ కథ గోడ దగ్గర మొదలుపెడుతున్నాను.

మాది నెక్కొండ స్టేషనుకు నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న ఊరు. ఇల్లు రోడ్డు పక్కనే. గోడకు అవతల మా బావమరిది కట్టయ్య ఇల్లు. నా భార్య రాజవ్వకు వాడొక్కడే తమ్ముడు. వాళ్ల అమ్మ పోయేనాటికి వాడు పాలు మరవని పిల్లవాడు. రాజవ్వే చంకనేసుకొని పెంచింది. మా పెళ్లిలో పీటల మీద కూడా వాడు ఆమె ఒళ్లోనే నిద్రపోయాడు. తర్వాత మాకు పిల్లలు నిలవలేదు. దాంతో వాడే కొడుకయ్యాడు. నేను అడ్డు చెప్పలేదు.

మేం పద్మశాలీలం. మా నాయన ఇచ్చిన గుంటమగ్గం మీద నేను నేసేవాణ్ని. రాజవ్వ కండెలు చుట్టేది, నూలుకు గంజి కాచేది. గంజికీ కట్టెల పొయ్యే, కూటికీ కట్టెల పొయ్యే. పొద్దు పొడిచింది మొదలు ఆమె పొగలోనే ఉండేది. దగ్గు మొదట్లో చలికాలం వచ్చి ఎండలు ముదిరితే పోయేది. తర్వాత పోవడం మానేసింది.

హనుమకొండ తీసుకుపోయి సుబేదారిలో ఒక డాక్టరమ్మకు చూపించాను. ఆమె రాజవ్వ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"పొయ్యిలో ఏం పెడతారమ్మా?"

"పత్తికట్టె, కందికట్టె. వానలు పడితే పిడకలు."

"మందులు రాస్తాను. కానీ పొగ మానకపోతే నా మందులు నీళ్లతో సమానం," అని నా వైపు చూసింది. "ఇది మీరు చేయాల్సిన పని. ఆమె చేయాల్సింది కాదు."

బయటికి వచ్చాక రాజవ్వ నవ్వింది. "పొయ్యికాడ నేను కూసోకపోతే ఎవరు కూసుంటరు? నువ్వు కూసుంటవా?"

"గోబర్ గ్యాసు పెట్టిద్దాం," అన్నాను.

"బర్రె లేనోళ్లకు గోబర్ గ్యాసు. బాగున్నది."

"కట్టయ్యకు ఉన్నయ్ గదా బర్లు."

ఆ మాటకు ఆమె ముఖం ఎట్లా వెలిగిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కనిపించకపోతే బాగుండును.

అది ఎనభై మూడో సంవత్సరం. సమితి ఆఫీసు వాళ్లు గోబర్ గ్యాసు గురించి ఊరూరా తిరిగి చెబుతున్నారు. సర్కారు కొంత ఇస్తుంది, మిగతాది పెట్టించుకునేవాడు పెట్టుకోవాలి. అందులో ఖరీదైనది గుంట మీద బోర్లించి గ్యాసు పట్టే ఇనుప డ్రమ్ము. నేను మగ్గం అమ్మాను. కేసముద్రం అవతలి వాళ్లెవరో వచ్చి, విప్పి, బండి మీద వేసుకొని పోయారు. ఇంట్లో గుంట ఒక్కటే మిగిలింది. వరంగల్లో పవర్‌లూముల మీద కూలికి కుదిరాను. పొద్దున ప్యాసింజరుకు పోయి సాయంత్రం ప్యాసింజరుకు తిరిగి వచ్చేవాణ్ని. ఒకరి మిషను దగ్గర నిలబడి తెగిన పోగులు అతికే పని. సొంత మగ్గం ఉన్నవాడికి అది ఎట్లా ఉంటుందో చెప్పను.

ఒప్పందం మాటల మీదనే అయింది. డ్రమ్ము నాది, పేడ కట్టయ్యది. గ్యాసు రెండిళ్లకూ. ముందు అక్క పొయ్యి వెలగాలి, తర్వాతే తమ్ముడి పొయ్యి.

సమితి సూపర్వైజరు వచ్చి మా పెరడు చూశాడు. ఎండ తగులుతుంది, వంటిల్లు దగ్గర, ఇదే మంచి చోటని సున్నంతో గుండ్రంగా గీత గీశాడు. అప్పుడు కట్టయ్య భార్య చిలుకమ్మ కొంగు సర్దుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఒక్క మాట. మంగళారం, శుక్రారం మేము పేడ ఇల్లు దాటనియ్యం. లచ్చిమి పోతది."

సూపర్వైజరు నవ్వాడు. "గోడ పక్కకే కదమ్మా."

"పక్కకైనా దాటుడు దాటుడే గదా సారూ. శుక్రారం నాడు మీ ఇంటామె ఎవలకన్న చేతిల పైసలు పెడ్తదా?"

సూపర్వైజరు నవ్వు ఆపాడు. పెట్టదని వాడి ముఖమే చెప్పింది.

చిలుకమ్మ చెప్పింది కొత్త సంగతి కాదు. శుక్రవారం నాడు మా అమ్మ అడిగినవాళ్లకు చల్ల కూడా పోసేది కాదు. అయితే వారంలో రెండు రోజులు పేడ పడకపోతే గ్యాసు నిలకడగా రాదని సూపర్వైజరు అన్నాడు. అందరం ఆ సున్నం గీత చుట్టూ నిలబడ్డాం. ఉపాయం రాజవ్వే చెప్పింది.

"డ్రమ్ము వాళ్ల దొడ్లనే పెడ్దాం. పేడ వాళ్ల ఇంట్లనే ఉంటది. గ్యాసే గోడ దాటి వస్తది. గ్యాసు దాటొద్దని ఏ అవ్వ చెప్పలేదు గదా."

అందరూ నవ్వారు. సూపర్వైజరు నవ్వలేదు.

"డ్రమ్ము ఎవరి దొడ్లో ఉంటే గ్యాసు వదిలే పెద్ద నల్లా వాళ్ల చేతిలో ఉంటుంది. ఆలోచించుకోండి."

"నా తమ్ముని చేతిల ఉంటే నా చేతిల ఉన్నట్టే," అంది రాజవ్వ.

నేను ఆ గీతను కాలితో చెరిపేశాను.

గుంట తవ్వడం, ఇటుకలు కట్టడం, మొదటిసారి నింపడానికి ఊరంతా తిరిగి పేడ మోయడం, అన్నీ నేనూ కట్టయ్యా కలిసే చేశాం. వాడు కష్టపడ్డాడు. ఆ మాట కాదనను. డ్రమ్ము పేడనీళ్లలో కూర్చుంది. కొన్ని వారాలకు గ్యాసు నిండి మెల్లగా పైకి లేచింది. ఊరివాళ్లు వచ్చి దాని మీద చెయ్యి వేసి చూసిపోయారు, ఈనబోయే బర్రె కడుపు చూసినట్టు.

మొదటిరోజు మా వంటింట్లో ఆడవాళ్లు నిండిపోయారు. ఎదురింటి ముసలమ్మ యాదవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని గడప దగ్గరే నిలబడింది.

"రాజవ్వా, ఇగ నీ ఇంట్ల నేను నీళ్లు గూడ తాగ. పెంట మీద వండిన బువ్వ ఎట్ల తింటవే?"

"ఇన్నొద్దులు పిడకల మీద వండిన బువ్వ తిన్నవ్ గదా అత్తా. అది ఏ పువ్వులతోని చేసిండ్రు?"

చిలుకమ్మ పడీపడీ నవ్వింది. కట్టయ్య గోడ అవతల పెద్ద నల్లా తిప్పి "ఇప్పిన అక్కా" అని కేకేశాడు. రాజవ్వ అగ్గిపుల్ల గీసింది. పొయ్యి చుట్టూ నీలం మంట లేచింది. చప్పుడు లేదు, పొగ లేదు. ఆమె దాని ముందు కూర్చొని కొంగుతో కళ్లు తుడుచుకుంది. కళ్లలో ఏమీ లేదు. అలవాటు కొద్దీ తుడుచుకుంది.

ఆ ఏడు చలికాలం ఆమె దగ్గలేదు.

మరుసటి ఏడు వానలు పడలేదు. కట్టయ్య బావి ఎండింది. ఉన్న కొద్ది పొలం బీడు పడింది. బర్రెలను మాత్రం అమ్ముకోలేదు. అమ్మొద్దని రాజవ్వే చెప్పింది. వాడు రోడ్డు వైపు అరుగు మీద తడకలు కట్టి చాయ్ హోటల్ పెట్టాడు. బస్సు కోసం నిలబడేవాళ్లు, లారీలవాళ్లు, మధ్యాహ్నం మిర్చి బజ్జీలు, నేను సాయంత్రం దిగే వేళకు బంద్. మంచిదే అన్నాను. ఆదివారం నేను ఇంట్లో ఉంటాను. ఆదివారం వాడి అరుగు మీద ఊకపొయ్యి బుసబుస మండేది. నేను పోయి కూర్చుంటే వాడే గ్లాసు కడిగి చాయ్ పోసేవాడు.

"ఊక మంచిగనే దొరుకుతాందారా?"

"మిల్లుకాడ చెప్పిపెట్టిన బావా. ఫికర్ లేదు."

ఆ చాయ్ నేను తాగాను. బాగుందని కూడా అన్నాను. అక్కడ కూర్చున్నవాళ్లు గ్లాసుల్లోకి చూసుకుంటూ ఉండేవాళ్లు.

రాజవ్వకు దగ్గు మళ్లీ వచ్చింది. సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి గ్యాసు పొయ్యి మీద కూర ఉడుకుతూ ఉండేది, నీలం మంట మీద. నేను వచ్చే వేళకు ఎప్పుడూ అదే. గోడ మీదుగా చూస్తే డ్రమ్ము కిందికి దిగి ఉండేది.

"ఏందిరా, లేస్తలేదు?"

"చలికి పేడ పులుస్తలేదు బావా. సూపర్వైజర్ చెప్పిండు గదా."

చెప్పిన మాట నిజమే. చలికాలం తగ్గుతుందని సూపర్వైజరు నాతో కూడా చెప్పాడు. ఎండాకాలం వచ్చాక అడిగితే నీళ్లకు కరువుంది, పేడ కలపడానికి నీళ్లు లేవన్నాడు. అదీ నిజమే. అబద్ధానికి ఊతంగా పెట్టిన నిజాలను పట్టుకోవడం కష్టం.

రాజవ్వను మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

"పొయ్యి మానిపించారా?"

"మానిపించిన మేడం. గోబర్ గ్యాసు పెట్టించిన. మగ్గం అమ్మి పెట్టించిన." అడగకపోయినా మగ్గం సంగతి చెప్పాను. చెప్పుకోవాలనిపించింది.

డాక్టరమ్మ రాజవ్వను అడిగింది. "పొగ అసలు లేదా అమ్మా?"

రాజవ్వ నేల వైపు చూసింది. "లేదమ్మా."

"పొగ లేకుండా ఇంత దగ్గంటే ఇది వేరే జబ్బు," అంది డాక్టరమ్మ. పాత మందులు ఆపేసి వేరేవి రాసింది. వాటితో రాజవ్వకు ఆకలి చచ్చిపోయింది, దగ్గు చావలేదు. ఆమె మింగింది. లేని జబ్బుకు మందని తెలిసీ మింగింది.

ఒకనాడు నేను మిషను దగ్గర ఉండగా మా ఊరి మనిషి వచ్చి చెప్పాడు. రాజవ్వకు ఊపిరి ఆడక పడిపోయిందట, నలుగురు కలిసి రైల్లో వరంగల్ దవాఖానకు తెచ్చారట. పోయేసరికి ఆమె మంచం మీద కూర్చునే ఊపిరి తీస్తోంది. పడుకోబెడితే ఆడడం లేదు. నర్సు బట్టలు, చెంబు తెచ్చుకోమంది. దొరికిన రైలెక్కి ఊరికి వచ్చాను. పనిదినాన మిట్టమధ్యాహ్నం నేను మా ఊళ్లో దిగడం పవర్‌లూములకు పోయినప్పటి నుంచి అదే మొదలు.

హోటల్ నిండా మనుషులున్నారు. ఊకపొయ్యి ఓ మూలకు ఉంది, చల్లగా. అందులో పిల్లి పడుకొని ఉంది. కట్టయ్య ముందు పెద్ద చాయ్ గిన్నె, దాని కింద నీలం మంట. పక్కన మూకుడు, దాని కింద కూడా నీలం మంట. గోడ వెంట రబ్బరు పైపు.

నన్ను చూసి అందరూ గ్లాసులు కింద పెట్టారు. నేను ఆగలేదు. మా ఇంట్లోకి పోయాను.

వంటింట్లో గ్యాసు పొయ్యి నల్లా తిప్పి అగ్గిపుల్ల గీశాను. అంటుకోలేదు. వెనక నూలు ఆరబెట్టుకునే పాకలోకి పోయాను, మగ్గం అమ్మాక నేను అడుగుపెట్టని పాక. అక్కడ మూడు రాళ్ల పొయ్యి ఉంది. బూడిద ఇంకా వెచ్చగా ఉంది. తడక సందులన్నీ పాత చీరల పేలికలతో కుక్కి ఉన్నాయి, పొగ బయటికి కనబడకుండా. బయటికి పోని పొగ ఎక్కడికి పోతుంది.

పొయ్యి పక్కన ఒక గురిగిలో నానిన ఎర్రమట్టి ఉంది. కట్టెల పొయ్యి మీద పెట్టే గిన్నెకు ఆడవాళ్లు అడుగున తడిమట్టి పూస్తారు, మసి అంటుకోకుండా. కడిగితే మట్టితోపాటే మసి పోతుంది, గిన్నె తళతళ మెరుస్తుంది. మా ఇంట్లో గిన్నెలు ఎప్పుడూ తళతళలాడేవి. గ్యాసు మీద వండితే గిన్నెలు నల్లబడవని నేను నలుగురికీ చెప్పుకొని తిరిగాను. గురిగిలో మట్టి మీద ఆమె వేళ్ల గీతలున్నాయి. ఆ పొద్దుటివే.

యాదవ్వ నా వెనకే వచ్చి నిలబడింది.

"నీకు ఎరికేనా?" అని అడిగాను.

"ఊరందరికి ఎరికే బిడ్డా. నీకు చెప్పొద్దని మా అందరితోని ఒట్టేపిచ్చుకున్నది. నీకు ఎరికైతే తమ్మున్ని సంపుతవని."

"మీరందరు ఆ చాయ్ తాగిండ్రు."

"తాగినం," అంది యాదవ్వ. "నువ్వు గూడ తాగినవ్."

గోడ దగ్గరికి పోయేసరికి కట్టయ్య అటువైపు వచ్చి నిలబడి ఉన్నాడు. చేతులు తువ్వాలతో తుడుచుకుంటున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

"బావా, అక్కనే వాడుకోమన్నది. నేను అడగలే."

"ఊక ఎందుకు కాలవెట్టలే?"

"ఊకతోని మంట జల్ది లేవది బావా, లారీలోళ్లు ఆగరు. కాలం గాక బర్లను అమ్ముకుందామంటే అక్కనే వద్దన్నది. వానలు పడి కాలం అయినంక బంద్ పెడ్దామనుకున్న. జర ఆగుదాం, జర ఆగుదాం అనుకుంటనే…"

"అక్క దగ్గు నీకు ఇనపడలేదా? గోడ అవతలనే గదా."

"ఇనవడ్డది."

"ఆదివారం మాత్రం ఊకపొయ్యి అంటువెట్టినవ్."

అప్పుడు వాడు తుడుచుకోవడం ఆపాడు. ఆకలికి తీసుకున్నదైతే నేనేమైనా ఆలోచించేవాణ్నేమో. ఆదివారం పొయ్యి ఆకలి కాదు. అది ఆలోచించి చేసిన పని. వారం వారం, నా కోసమే ఊక తెచ్చి చేసిన పని.

"బంద్ చేస్త బావా. ఇప్పుడే బంద్ చేస్త."

"చాయ్ పొంగుతాంది పో," అన్నాను.

చీర, చెంబు తీసుకొని దవాఖానకు పోయాను. రాజవ్వ నా ముఖం చూసింది.

"సూసినవా?"

"సూసిన."

చాలాసేపు ఊపిరి తీసుకోవడమే ఆమెకు పనైంది. తర్వాత అంది. "వాని పిల్లలు ఉపాసముంటే నాకు బువ్వ దిగదయ్య."

"నాకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు నల్లా గుంజుకుందువు."

"గుంజుకుందును."

"అందుకే."

మగ్గం గుర్తు చేయాలనుకున్నాను. పొద్దున రైలు, మిషన్ల మోత, ఇంట్లో ఖాళీ గుంట, అన్నీ గుర్తు చేయాలనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. వేళ్ల సందుల్లో ఎర్రమట్టి ఇంకా ఉంది.

"నాకొక మాట ఇయ్యి. నేను పోతే వానితోని తెగదెంపులు చేసుకోకు. పుట్టింటి చీర వాని చేతుల మీద నా మీద పడాలె. అమ్మ లేదు, నాయిన లేడు. నాకు పుట్టిల్లంటే వాడొక్కడే. ఆ చీర లేకుంట నన్ను పంపకు."

"సరే," అన్నాను.

"ఒట్టా?"

"ఒట్టు."

మర్నాడు పొద్దెక్కాక పోయింది.

ఇంటి ముందు పడుకోబెట్టాం. నీళ్లు పోశారు, పసుపు పూశారు. కట్టయ్య నెక్కొండ పోయి చీర తెచ్చాడు. పళ్లెంలో పెట్టుకొని, తల గొరిగించుకున్నవాడిలా ముఖం వేలాడేసుకొని గుమ్మం ముందుకు వచ్చాడు. వెనక చిలుకమ్మ ఏడుస్తోంది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. మిల్లు చీర.

"తీస్కపో," అన్నాను.

మా కులపెద్ద ఎల్లస్వామి దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సిద్దిరాములూ, గది నీ సొమ్ము కాదు. ఆమెది. పుట్టింటి చీర లేకుంట ఆడామెను పంపుతరా? మనింట్ల గీ రివాజు లేదు."

"ఆమెకు పుట్టిల్లు లేదు," అన్నాను. "ఉంటే ఆమె ఇట్ల పండకపోవు."

"బావా, నీ కాల్మొక్కుత," అని కట్టయ్య పళ్లెంతో సహా కింద కూర్చున్నాడు. "నన్ను కొట్టు. అక్క మీద చీర కప్పనియ్యి."

పెట్టెలో నేను నేసిన చీర ఒకటుంది. మగ్గం అమ్మేముందు చివరిగా నేసింది. కొత్తది కదా, పండుగకు కడతానని దాచింది. ఏ పండుగకూ కట్టలేదు. అది తెచ్చి నేనే కప్పాను. లేవండి, ఎత్తండి అన్నాను. ఎత్తారు. కట్టయ్య పళ్లెం ముందు కూర్చొనే ఉన్నాడు. చీర మీద ఈగలు వాలుతున్నాయి.

ఒట్టు సంగతి తర్వాత నేనే ఎల్లస్వామికి చెప్పాను. నీ భార్యకు ఇచ్చిన మాట తప్పావని ఇప్పటికీ అంటాడు. ఆమె నాతో రోజూ అబద్ధం ఆడింది. సాయంత్రం సాయంత్రం నీలం మంట వెలిగించి మరీ ఆడింది. నేను ఆమెతో ఆడింది ఒక్కటే.

దినాలు అయ్యాక కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయి హమాలీలను మాట్లాడుకొని వచ్చాను. మా ఊరివాళ్లనెవరినీ పిలవలేదు. చాయ్ తాగిన చేతులు నాకు అక్కరలేదు. ముందు కట్టయ్య హోటల్లో పొయ్యిలు రెండూ ఆర్పించాను. హమాలీలు పైపు విప్పి, డ్రమ్ముకు మోకులు కట్టి, గుంజలు దూర్చి ఎత్తారు. లోపల ఉన్న గ్యాసంతా ఒక్కసారి బయటికి వచ్చింది. ఊరంతా కంపు కొట్టింది. అందరూ వాకిళ్లలోకి వచ్చి చూశారు. కట్టయ్య అరుగు మీద నుంచి లేవలేదు.

పేడ కారుతున్న డ్రమ్ము దొడ్డి గడప దగ్గరికి వచ్చేసరికి చిలుకమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది. తల దువ్వుకోలేదు. చేతిలో పేడనీళ్ల బకెట్ అట్లాగే ఉంది.

"అన్నా, డ్రమ్ము నీదే. నేను కాదంటలేను. కానీ ఇయ్యాల శుక్రారం. ఇయ్యాల గడప దాటియ్యకు. రేపు తీస్కపో, నీ కాల్మొక్కుత."

హమాలీలు ఆగారు. బరువుకు వాళ్ల మెడల మీద నరాలు తేలాయి. నా వైపు చూశారు.

"శుక్రారమని ఎరికే," అన్నాను. "నడువుండ్రి."